జూన్‌లో వాన పడని ఊరు

కిందటి వారం మనం స్నేహలతను బొంబాయి నుంచి వచ్చే రైల్లో, కిటికీ పక్కన, నిద్రలేని కళ్ళతో వదిలిపెట్టాం. పాపం, ఆమె వెళ్ళింది ఒక్క సూది కోసం. జాంబియా దేశం వెళ్ళేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోక తప్పదు. టీకా వేసిన ముసలి డాక్టరు ఒకప్పుడు ఆ దేశంలోనే పదేళ్ళు పనిచేశాడట. "జూన్‌లో వెళ్తున్నావా? స్వెట్టరు పెట్టుకో తల్లీ, అక్కడిప్పుడు చలికాలం. నవంబరు దాకా వాన చుక్క పడదు," అని మామూలుగా చెప్పాడు. స్నేహలత తలూపి, టీకా కార్డు తీసుకుని బయటికి వచ్చింది. రైలు కల్యాణ్ దాటాక గానీ ఆ మాటలోని ముల్లు ఆమెకు గుచ్చుకోలేదు.

ఎందుకంటే ఆరేళ్ళుగా ప్రతి జూన్‌లో చంద్రపూర్ తెలుగు క్రైస్తవ మందిరంలో సంఘపెద్ద సదానందం ఒక ఉత్తరం చదువుతాడు. జాంబియాలో మసేంబె అనే ఊళ్ళో ఉన్న మిషన్ దవాఖాన నుంచి వచ్చిన ఉత్తరం. మందిరం ఆడవాళ్ళు కుట్టి పంపే బొంతలకు కృతజ్ఞతలు చెప్పే ఉత్తరం. అందులో ఏటా ఒక మాట తప్పకుండా ఉండేది. 'ఇక్కడ కూడా మిరుగం పడ్డది, రైతులు విత్తనాలు వేస్తున్నరు, మీ బొంతలు రోగులకు వెచ్చగ ఉన్నయి' అని. మిరుగం, అంటే మృగశిర కార్తె, వానకు విత్తనం వేసేది ఇక్కడ, వర్ధా నది ఒడ్డున. మసేంబెలో ఆ రోజుల్లో మట్టి ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది. మరి ఆ ఉత్తరాలు రాసినవాడు ఏ ఆకాశం కింద కూర్చుని రాశాడు?

ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. ఆ దవాఖానలో నర్సుగా రమ్మన్న పిలుపును నమ్ముకునే స్నేహలత బొగ్గుబాయి డిస్పెన్సరీలో నర్సు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. బాయి ఇవాళో రేపో మూతపడేటట్టుంది, ఉన్నవాళ్ళనే ఇంటికి పంపుతున్నారు, వదులుకున్న కుర్చీ మళ్ళీ ఎవరూ ఇవ్వరు. ఆదివారం మందిరంలో ఆమెను సాగనంపే ప్రార్థన. మంగళవారం ప్రయాణం.

శుక్రవారం పదకొండు గంటలకు ఆమె చంద్రపూర్‌లో రైలు దిగింది. ఇంటికి వెళ్ళి స్నానం చేసి, కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కలిపి, తినలేక లేచి, బైబిలు చేతపట్టుకుని మందిరానికి నడిచింది. మరాఠీ బైబిలు అది. చిన్నప్పటి నుంచీ మరాఠీ బడి కావడంతో ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చినంతగా చదవడం రాదు.

మందిరంలో బొంత కుట్టు సాగుతోంది. పాత చీరలు ఐదారు పొరలు పరిచి, నాలుగు అంచుల్లోనూ కూర్చుని, బయటి నుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. కుట్టు నడిమికి చేరేసరికి బాయి కాలనీలోని కబుర్లన్నీ అయిపోతాయి. వీళ్ళలో చాలామంది మొగవాళ్ళ వెంట కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి బాయి పనికి వచ్చినవాళ్ళు, సంతకం రానివాళ్ళు. అందుకని ఎవరి మూలలో వాళ్ళు తమ గుర్తు కుడతారు. ఒకరిది చేప, ఒకరిది వేపాకు. గంగవ్వది మూడు వేళ్ళ కోడికాలు. ఆ గుర్తు ఇంకెవరైనా కుడితే ఆమె అదే రోజు విప్పించేస్తుంది.

"వచ్చినవా బిడ్డా?" గంగవ్వ సూది ఆపకుండానే పలకరించింది. "ఈ బొంత నీతోనే పంపుతున్నం. పార్సిల్ గీర్సిల్ ఏం లేదు. నీ చేతులతోనే కప్పు ఎవలకన్న. ఇంకోటి, మా ఆయన బొంత ఆడ ఉన్నదో చినిగిందో చూసి ఖబర్ రాయాలె, మరువకు."

"ఏడ మరుస్తది, పెద్దవ్వా? మీరు యాది చేయవట్టి ఇది నూరోసారి," అంది పక్కనున్న విద్య. మరాఠీ బడిలో పంతులమ్మ ఆమె. అందరూ నవ్వారు.

స్నేహలత నవ్వలేకపోయింది. గంగవ్వ భర్త సమ్మయ్య ఆరేళ్ళ కిందట మూడో నంబరు బాయిలో కప్పు కూలి చనిపోయాడు. నెల తిరగకముందే గంగవ్వ అతని నీలం చారల లుంగీలన్నీ పొరలు వేసి ఒక బొంత కుట్టి మసేంబెకు ఇచ్చింది. ఆ బొంత కింద ఒక ముసలాయన ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడని ఉత్తరం వచ్చిన రోజే, చావు తర్వాత మొదటిసారి, గంగవ్వ కడుపునిండా అన్నం తింది. కాలనీలో అందరికీ తెలిసిన సంగతే ఇది.

"పెద్దబాపు ఉన్నడా?" అని అడిగింది స్నేహలత.

"లోపల ఆదివారం పాటలు ఏరుకుంట కూసున్నడు. పో."

మందిరం వెనక ప్లైవుడ్ అడ్డుగోడ కట్టిన చిన్న గది ఉంది. సదానందం అక్కడ పాటల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బాయి ఆఫీసులో హాజరీ రాసే గుమాస్తాగా రిటైరయిన మనిషి. తెల్లటి చొక్కా, జేబులో రెండు పెన్నులు. కాలనీలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ఈయన దగ్గరికే తెస్తారు, ఈయన చదివిందే వేదవాక్కు.

స్నేహలత తలుపు దగ్గరికి వేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పెద్దబాపు, మసేంబెల మిరుగం ఎప్పుడు పడతది?"

"ఏందమ్మా గా సవాల్? జూన్ల పడతది. ఏడనన్న గంతే గద."

"పడది. జూన్ల ఆడ చలి. వాన నవంబర్ల పడతది. ఆడ పదేండ్లు ఉన్న డాక్టరే చెప్పిండు నాకు."

సదానందం పాటల పుస్తకం మూశాడు. మళ్ళీ తెరిచాడు. "నేను చదువుడు తప్పయిందేమో బిడ్డా. వాళ్ళ చేతిరాత గట్లుంటది."

"ఆరుసార్లు తప్పయిందా?" ఆమె గొంతు లేవబోయింది. గోడ అవతల సూదులున్నాయని గుర్తొచ్చి తగ్గించింది. "పిల్లలు స్టాంపులు అడిగితే ఒక్కనాడన్న ఇచ్చినవా? ఆఫీసోళ్ళు చింపుకున్నరంటివి. స్టాంపున్న లిఫాఫా ఎన్నడన్న ఎవలకన్న చూపెట్టినవా? ఆ చిట్ఠీలు ఎవలు రాసిండ్రు పెద్దబాపు?"

ఆయన జేబులోని పెన్ను తీసి, బల్ల మీద పెట్టి, దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అది చాలు. రైల్లో రాత్రంతా తను అనుకున్నది తప్పు కావాలని స్నేహలత దేవుణ్ణి వేడుకుంది. ఇప్పుడు ఆ ఆశ కూడా పోయింది. ఆమెకు కోపం కంటే ముందు భయం వేసింది.

"రాయనివి రాసినట్టు చదవనీకె నోరెట్ల వచ్చింది నీకు? దేవుని మందిరంల?"

"మెల్లగ, బిడ్డా," అని ఆయన బతిమాలాడు. "మెల్లగ. ఆమె ఇంటది."

ఆమె అంటే గంగవ్వే అని చెప్పక్కర్లేదు. సదానందం బీరువా అడుగు నుంచి ఒక పాత కవరు తీశాడు. అసలైన కవరు, అసలైన స్టాంపు, తొంభై ఒకటో సంవత్సరం ముద్ర. లోపల ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. 'మీ ప్రేమకు వందనాలు. ఇకమీదట దుప్పట్లు పంపవద్దు, మాకు చాలా ఉన్నాయి. మా నర్సులు వెళ్ళిపోయారు, దవాఖాన మూసేయవలసి వచ్చేట్టుంది. పంపగలిగితే ఒక మనిషిని పంపండి.'

"ఇది చదువుదామనే లేచిన నేను ఆ ఆదివారం," అన్నాడు సదానందం. "లేచి చూస్తే, ముందట గంగవ్వ కూసున్నది. సమ్మయ్య పోయి ఇరవై దినాలు. ఒడిల ఆ లుంగీల బొంత. రాత్రికి రాత్రి కుట్టి తెచ్చింది. మొఖం చూస్తే బతికున్న మనిషి లెక్క లేదు. ఆమె ముందట, బొంతలు వద్దన్నరు అని ఎట్ల చెప్పాలె? చెప్పు. నోట్లె ఏదో వచ్చింది. ఎవలో ముసలాయన చలికి వణుకుతుండట, బొంత కోసం ఎదురు చూస్తుండట అన్న. వచ్చే నెలకు ఆ ముసలాయన బొంత కప్పుకోని మంచిగ పండుకున్నడని చెప్పాల్సి వచ్చింది. ఇగ ఆపుడు నా వల్ల కాలె."

"మరి బొంతలు? నువ్వు నాగపూర్ల పార్సిల్ చేస్తనని మోసుకపోయినవి?"

"వర్ధా దాటి రాజురా దిక్కు పోయిన. సున్నపురాయి గుట్టల కాడ రాయి కొట్టెటోళ్ళ గుడిసెలున్నయి. వాళ్ళకిచ్చిన. ఒక్కటి కూడ నా ఇంట్ల పెట్టుకోలె. కప్పుకున్నోళ్ళు నిజంగనే కప్పుకున్నరు బిడ్డా. ఊరి పేరొక్కటే అబద్ధం."

ఆ మాటకు స్నేహలత ఒక క్షణం మెత్తబడింది. ఇంకెవరైనా అయితే అక్కడే ఆగి, కళ్ళు తుడుచుకుని, ముసలాయన చేయి పట్టుకునేవాళ్ళు. కానీ ఆమె నర్సు. కట్టు విప్పాక గాయం అడుగు దాకా చూడకుండా వదలదు. ఆ ఉత్తరంలోని చివరి వాక్యం మీద వేలు పెట్టింది.

"గంగవ్వ పెద్దవ్వ కోసం బొంతల మాట దాచినవ్. సరే. మనిషిని పంపుండ్రి అన్న మాట ఎవల కోసం దాచినవ్?"

సదానందం తల దించుకున్నాడు. అవతల ఎవరో దారం అయిపోయిందని అరిచారు.

"హేమ ఉండె గద అప్పుడు," అన్నాడు చివరికి.

హేమలత ఆయన ఒక్కగానొక్క కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. నాగపూర్‌లో నర్సు చదువు చదివింది. స్నేహలతకు సూది పట్టుకోవడం నేర్పింది ఆమే. ఆరేళ్ళ కిందట ఢిల్లీలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయిందని సదానందం చెప్పాడు, కాలనీ నమ్మింది. పండక్కి కూడా రాదేమిటని మొదట్లో అడిగేవాళ్ళు, తర్వాత మానేశారు.

"ఆ చిట్ఠీ చదివితే నా బిడ్డ చెయ్యి లేపుతదని తెల్సు నాకు. మందిరమంత చప్పట్లు కొడతది. నేను పెద్దమనిషిని, వద్దన నోరు రాదు. అందుకే చదవలె. గంగవ్వ మీద దయ అని నాకు నేనే చెప్పుకున్న. సగం దయ, సగం భయం." ఆయన బీరువా వైపు చూశాడు. "కానీ హేమ బీరువాల ఈ కాగితం చూసింది. మందిరంల నిజం చెప్పు బాపు అన్నది. చెప్పనన్న. కొట్లాట అయింది. సమ్మయ్య బొంత ఇంట్లనే ఉండె, ఇంకా రాజురాకు తీస్కపోలె. అది సంకల పెట్టుకున్నది. 'నువ్వు చెప్పిన అబద్ధాల్ల ఒక్కటన్న నేను నిజం చేస్త. నువ్వు మందిరంల నిజం చెప్పేదాక నీకు నా చిట్ఠీ రాదు' అని బయటికి నడిచింది. గంతే. ఢిల్లీ లేదు, ఏం లేదు. మసేంబె చేరిందో, బతికున్నదో లేదో కూడ నాకు తెల్వది."

స్నేహలత ఇప్పుడు కూర్చుంది. ఆమె జాలిపడింది నిజమే, కానీ ఆ జాలి వెనకే తన గతి ఏమిటన్న ప్రశ్న తలెత్తింది. దవాఖాన ఆరేళ్ళ కిందటే మూసేసేట్టుంటే, మార్చి నెలలో తన పేరుమీద డిస్పెన్సరీకి వచ్చిన ఉత్తరం ఏమిటి? 'నర్సు స్నేహలతను రెండేళ్ళ పనికి పిలుస్తున్నాం' అని టైపు చేసిన ఉత్తరం? టికెట్టు, వీసా, అన్నీ దాని మీదే కదా!

"అది కూడ నువ్వే రాసినవా? నన్ను ఏడికి పంపుతున్నవ్ పెద్దబాపు?"

"లేదు!" సదానందం ఆమె ఒళ్ళోని బైబిలు మీద చెయ్యి పెట్టాడు. "దీని మీద ఒట్టు. అది నాది కాదు. నువ్వు తెచ్చి ఇచ్చిన దినం నాకు అన్నం సయించలె. స్టాంపు నిజం, ముద్ర నిజం. దవాఖాన మూయలేదన్నమాట. దేవుడే నా అబద్ధాన్ని నిజం చేసిండేమో అనుకున్న."

"నువ్వు రాయకుంటే నా పేరు వాళ్ళకెట్ల తెల్సు? నువ్వే సిఫారసు చేసినవని నేననుకున్న!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్నేహలత గబగబా బైబిలు తెరిచింది. మార్చి ఉత్తరం అందులోనే ఉంది. లాగేసరికి దాంతోపాటు ఒక గుడ్డముక్క జారి నేల మీద పడింది. ఆ కవరులోనే మడిచి వచ్చిన ముక్క. కాగితం నలగకుండా పెట్టారేమో అనుకుని, మడత కూడా విప్పకుండా, ఎవరికీ చూపించకుండా, మూడు నెలలుగా బైబిల్లో గుర్తుకు వాడుకుంటోంది.

సదానందం వంగి తీసుకున్నాడు. మడత విప్పాడు.

నీలం చారలు. మూలలో మూడు వేళ్ళ కోడికాలు.

"హేమా..." అన్నాడు ఆయన. గట్టిగానే అన్నాడు.

తలుపు తెరుచుకుంది. గంగవ్వ నిలబడి ఉంది, చేతిలో దారం ఎక్కించిన సూది అలాగే ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఆమె మొహం చూస్తే తెలుస్తోంది.

"మొత్తం ఇన్న," అంది. "ఆరేండ్లు... మా ఆయన పరాయి దేశంల ఎవలకో వెచ్చగ ఉన్నడని, గదే తల్సుకోని రాత్రిళ్ళు పండుకుంటి నేను, అన్నా. నన్ను పిచ్చిదాన్ని చేసినవ్."

సదానందం ఆ ముక్క ఆమెకు అందించాడు. గంగవ్వ చూసింది. చెంపకు ఆనించుకుంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. ఒక్క బొంత మాత్రం నిజంగానే చేరిందని, చేర్చింది ఎవరో, చదువు రాని గంగవ్వకు విడమరిచి చెప్పే పని లేకపోయింది. అంతలో ఆమె వేళ్ళు అంచు దగ్గర ఆగాయి.

"కోడికాలు నాది. ఈ అంచు కుట్టు నాది కాదు. తర్వాత ఎవలో విప్పి కుట్టిండ్రు."

సూది మొనతో ఆ కుట్లు ఒక్కొక్కటే తెంపింది. పొరల మధ్య నుంచి సన్నగా మడిచిన చీటీ బయటపడింది. పెన్సిలుతో రాసిన మరాఠీ. సదానందం ఆత్రంగా చెయ్యి చాచాడు.

"నువ్వు కాదు," గంగవ్వ చీటీ వెనక్కి లాక్కుంది. "ఇన్నేండ్లు నువ్వు చదివినవ్, మేం ఇన్నం. ఇప్పుడు పోరి చదువుతది. బిడ్డా, ఉన్నది ఉన్నట్టు చదువు."

అవతల సూదులు ఆగిపోయాయి. తలుపు దగ్గర ఆడవాళ్ళు గుమిగూడారు. స్నేహలత చీటీ విప్పి, ముందు మనసులో చదువుకుంది.

'గంగవ్వ పెద్దవ్వకు హేమ వందనాలు. ఈ కుట్టు నీది కాదని నువ్వే కనిపెడతావు, అందుకే ఇందులో దాచాను. స్నేహ పేరు నేనే చెప్పాను. ఆమెను పిలుస్తున్నది నా స్థానంలోకి. రెండేళ్ళ కిందట వార్డులో నాకొక సూది గుచ్చుకుంది. ఇక్కడ మంచాల నిండా ఉన్న రోగమే నాకూ వచ్చింది, దానికి మందు లేదు. ఇక్కడ వానలు దీపావళి దాటాక పడతాయి, అప్పటిదాకా ఉంటానో లేదో. స్నేహ వస్తే అన్నీ తెలిసి రావాలి. బాపుకు మాత్రం చెప్పవద్దు.'

"ఏం రాసింది బిడ్డా?" సదానందం లేచి నిలబడ్డాడు. ఆరేళ్ళ తర్వాత ఆయన మొహంలో వెలుగొచ్చింది, చూడలేనంత వెలుగు. "మంచిగున్నదా నా హేమ? ఎప్పుడొస్తదట?"

రాయనిది చదవడానికి నోరెలా వచ్చిందని ఇందాక ఆయన్ను నిలదీసింది స్నేహలతే. ఎలా వస్తుందో ఇప్పుడు ఆమెకు తెలిసింది. పెద్ద కష్టమేమీ లేదు, ఎదుటి మొహం చూస్తే చాలు, అదే వచ్చేస్తుంది.

"మంచిగనే ఉన్నదట, పెద్దబాపు," అంది. "నిన్ను యాది చేసిందట."

సదానందం రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. తలుపు దగ్గర ఎవరో 'స్తోత్రం' అన్నారు. గంగవ్వ మాత్రం కదల్లేదు. ఆమె స్నేహలత కళ్ళనే చూస్తోంది, అవి కాగితం మీద ఎన్ని వరుసలు దిగాయో ఇందాకటి నుంచీ చూస్తూనే ఉంది.

"చీటీ నిండ ఉన్నది అక్షరం," అంది మెల్లగా. "నువ్వు చదివింది రెండు ముచ్చట్లు."

స్నేహలత చేతిలోని చీటీని ఆమె నెమ్మదిగా తీసుకుంది. తీసుకుని తలుపు వైపు తిరిగింది.

"విద్యా, ఇటు రా బిడ్డా. నీకు మరాఠీ వస్తది గద?"